పడటం నేర్చిన పిల్లలు

2022 మార్చి నెలలో అఖిల జపాను జూడో సమాఖ్య ఒక నిర్ణయాన్ని ప్రకటించింది. ప్రాథమిక పాఠశాలలో అయిదు, ఆరు తరగతులు చదివే పిల్లలకు 2004 నుంచి ఏటేటా నడుపుతూ వచ్చిన జాతీయస్థాయి పోటీలను ఇకమీదట నిర్వహించబోమన్నది దాని సారాంశం. కారణాలను సమాఖ్య దాచలేదు. గెలుపే సర్వస్వమన్న ధోరణి పసివారి దాకా పాకింది. బరువు విభాగంలో ఇమిడేందుకు పదేళ్ళ పిల్లలచేత తిండి మాన్పిస్తున్నారు. తల్లిదండ్రులు, శిక్షకులు బరి అంచున నిలబడి న్యాయనిర్ణేతల మీద కేకలు వేస్తున్నారు. ఇది పిల్లలకు మేలు చేసే పోటీ కాదని తేల్చి, సమాఖ్య దానికి స్వస్తి చెప్పింది.

జూడో పుట్టిన దేశమే జూడో పోటీని వద్దనుకోవడం విడ్డూరంగా తోచవచ్చు. నాకు అంతకన్న విచిత్రంగా తోచినది మరొకటి ఉన్నది. జూడో అనేది లోకానికి తెలిసిందే ఒక కొత్త క్లబ్బులోని కుర్రవాళ్ళు పోటీలకు వెళ్ళి గెలవడం వల్ల. ఆ గెలుపు లేకపోతే ఈనాడు సమాఖ్యలూ లేవు, ఒలింపిక్ పతకాలూ లేవు. పోటీ వల్ల బ్రతికిన విద్య, నూట నలభై ఏళ్ళ తరువాత, పిల్లలను పోటీ నుంచి కాపాడవలసిన స్థితికి ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను చదివిన చరిత్రను ఇక్కడ క్రమంగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

జపానులో 1868లో మెయిజీ చక్రవర్తి పాలన మొదలైన తరువాత సమురాయిల కాలం ముగిసింది. 1876లో వాళ్ళు కత్తి ధరించడాన్ని కూడా ప్రభుత్వం నిషేధించింది. రైళ్ళు, తంతివార్తలు, పాశ్చాత్య దుస్తులు వచ్చిన ఆ రోజులలో జుజుత్సు అనే పాత మల్లవిద్య మోటుదనానికి గుర్తుగా మిగిలింది. ఆ విద్య నేర్పే గురువులలో పలువురు విరిగిన ఎముకలకు కట్లు కట్టి పొట్టపోసుకునేవారు. మన పల్లెలలో కట్టువైద్యుల వంటివారన్నమాట. ఎముక ఎక్కడ విరుగుతుందో తెలిసినవాడికే దాన్ని అతకడమూ తెలుస్తుంది కదా.

అటువంటి ఒక కట్టువైద్యుని దగ్గరికి 1877లో టోక్యో విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు వచ్చాడు. పేరు కానో జిగోరో. కోబే దగ్గర మికగే అనే ఊళ్ళో 1860లో పుట్టినవాడు. పొట్టివాడు, బక్కపలచని వాడు. చదువులో అందరికన్న ముందుండేవాడు కాబట్టి, వసతి గృహంలో బలమైన కుర్రాళ్ళ చేతిలో దెబ్బలు తినడంలోనూ ముందుండేవాడు. ఆ దెబ్బల నుంచి తప్పించుకోవాలనే జుజుత్సు గురువుల కోసం వెతికాడు. ఫుకుదా హచినొసుకె అనే ఆ గురువు పాఠం చెప్పే పద్ధతి చాలా సరళమైనది. ఒక పట్టు ఎలా పనిచేస్తుందని కానో అడిగితే, ఆయన జవాబు చెప్పకుండా లేవదీసి పడేసేవాడట. మళ్ళీ అడిగితే మళ్ళీ పడేసేవాడట. ఒంటినిండా గాయాలకు మందుపట్టీలు వేసుకుని తరగతికి వచ్చే కానోను చూసి సహాధ్యాయులు నవ్వుకునేవారట. ఈ ముచ్చట కానోయే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆయన జూడోకు పునాది ఈ పడటంలోనే ఉన్నదని నా నమ్మకం. ఎందుకు పడ్డానో తెలియకుండా పడినవాడు కాబట్టే, తన శిష్యులు తెలిసి పడాలని ఆయన కోరుకున్నాడు.

1882లో, ఇరవై రెండేళ్ళు ఇంకా నిండకుండానే, కానో టోక్యోలోని షితాయా పేటలో ఎయిషోజి అనే బౌద్ధాలయంలో కొన్ని గదులు అద్దెకు తీసుకుని తన శాలను తెరిచాడు. దానికి కోడోకాన్ అని పేరు పెట్టాడు. మార్గాన్ని అధ్యయనం చేసే శాల అని అర్థం. శాల అంటే పన్నెండు గడ్డిచాపలు పట్టేంత చోటు. మన లెక్కలో రెండువందల చదరపు అడుగుల కన్న కొంచెం ఎక్కువ. ఒక మధ్యతరగతి ఇంటి ముందుగదిని ఊహించుకోండి, అంతే. మొదటి సంవత్సరం చేరినవారు తొమ్మిదిమంది. కుర్రాళ్ళు ధబీమని పడుతుంటే గుడిలోని పితరుల పేర్లు రాసిన ఫలకాలు అదిరి దొర్లిపడేవి. నేల కింది దూలాలు విరిగేవి. పూజారి మొరపెట్టుకుంటే గురువు స్వయంగా నేలకిందికి దూరి మరమ్మతు చేసేవాడు.

ఆ తొమ్మిదిమందిలో మొట్టమొదట చేరినవాడు తొమితా త్సునెజిరో. అప్పటికి అతనికి పదిహేడేళ్ళు. అదే ఏడాది వచ్చి చేరిన సైగో షిరోకు పదహారు. సైగో అయిజు ప్రాంతం వాడు. మెయిజీ ప్రభుత్వాన్ని ఎదిరించి ఓడిపోయిన సంస్థానం అది. ఎత్తు అయిదడుగులకు అటూ ఇటూ. కోడోకాన్ పక్కనే కానో తన పేరున ఒక విద్యార్థి వసతిని కూడా నడిపాడు. బంధువులు, పరిచయస్థులు తమ పిల్లలను అక్కడ వదిలిపెట్టేవారు. తెల్లవారకముందే లేవడం, ఊడవడం, తుడవడం, మోకాళ్ళు మడిచి కూర్చుని చదవడం, ఆపైన సాధన. మన విజయనగరంలోనూ హైదరాబాదులోనూ ఉన్న తాలింఖానాల పద్ధతి తెలిసినవారికి ఇందులో పరాయితనం కనిపించదు. వస్తాదు ఇంటి పని చేస్తూ విద్య నేర్చిన శిష్యుల కథలు మనకూ ఉన్నాయి. తేడా ఒక్కటే. కానో శాలలో కండబలంతో పాటు పుస్తకం తప్పనిసరి.

ఇక సాధన విషయం. పాత జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలను, కీళ్ళు విరిచే కొన్ని పట్లను కానో తీసివేసి, వాటిని ఇద్దరు ముందే అనుకుని నెమ్మదిగా ప్రదర్శించే అభ్యాసాలకు పరిమితం చేశాడు. వీటిని కతా అంటారు. మిగిలినవాటితో ఇద్దరు నిజంగా పెనుగులాడవచ్చు. దాని పేరు రందోరి. అయితే ఈ రెండింటికన్న ముందు నేర్పేది ఉకెమి, అంటే పడే విద్య. గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా వంచి, నేలను తాకే క్షణంలో చేతితో చాపను బలంగా చరచడం. దెబ్బ ఒకేచోట పడకుండా చేతికీ వీపుకూ పంచుకుపోతుంది. తల వెనుకభాగం మాత్రం నేలకు తగలకూడదు. జూడోలో నేర్చుకోవడానికి వందపైచిలుకు పట్లు ఉండవచ్చుగాని, ప్రాణం నిలిపేది ఇదొక్కటే. ఈ మాటను చదువరులు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను, ముందుముందు మళ్ళీ అవసరమవుతుంది.

1883లో కానో తొమితాకు, సైగోకు మొదటి దాన్ పట్టాలిచ్చాడు. ఈనాడు ప్రపంచమంతటా ఉన్న నల్ల నడికట్టు హోదాలకు అదే ఆది. 1884 నుంచి శాలలోనే నెలనెలా పోటీలు, ఏటా ఎరుపు తెలుపు జట్ల పోటీ మొదలయ్యాయి. ఎరుపు తెలుపు పోటీలో గెలిచినవాడు బరిలోనే నిలుస్తాడు, అవతలి జట్టు నుంచి తరువాతివాడు వస్తాడు. ఓడేదాకా అలా ఒకరి తరువాత ఒకరిని ఎదుర్కోవలసిందే. బహుమతి ఏమీ లేదు. ఎందరిని నిలువరించగలిగాడో, ఎలా నిలువరించాడో చూసి గురువు పైమెట్టుకు పంపుతాడు. అంటే అది పరీక్ష. పరీక్షలో తోటివాడు శత్రువు కాడు, ప్రశ్నపత్రం. ఆ పోటీ ఈనాటికీ కోడోకాన్‌లో జరుగుతున్నది.

బయటి పోటీ మాటకు వద్దాం. టోక్యో పోలీసు శాఖ తన సిబ్బందికి మల్లవిద్య నేర్పించదలచి, వివిధ శాఖల జుజుత్సు వీరులను పిలిచి పోటీలు పెట్టేది. అప్పటికి అందరికన్న బలమైనదిగా పేరుపొందినది టొట్సుకా వారి యోషిన్ శాఖ. పోలీసు శిక్షకులలో వారివారే ఎక్కువ. కోడోకాన్ అంటే వారికి చులకన. గురువేమో విశ్వవిద్యాలయంలో చదివిన పండితుడు, శిష్యులేమో నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్ళు. 1880ల నడుమ ఈ రెండు శాఖల మధ్య జరిగిన పోటీకి 1886 అని కొందరు, 1888 ప్రాంతమని కొందరు తేదీ చెబుతారు. కానో తన జ్ఞాపకాలలో చెప్పినదాని ప్రకారం, కోడోకాన్ నుంచి పద్నాలుగు పదిహేనుమంది వెళ్ళారు. రెండు మూడు పోటీలు సమమయ్యాయి. తక్కినవన్నీ కోడోకాన్‌వే.

ఈ సంఘటన చుట్టూ తరువాత అల్లుకున్న కథ మరీ అందమైనది. పొట్టి సైగో, టొట్సుకా వారి మహాకాయుడు తెరుషిమా తారోను యామా అరాషి అనే తన పట్టుతో గాలిలోకి లేపి విసిరాడని చెప్పుకుంటారు. యామా అరాషి అంటే కొండగాలివాన. కానో జ్ఞాపకంలో మాత్రం ఆ రోజు తెరుషిమాతో తలపడినవాడు సైగో కాదు, యామాషితా యోషిత్సుగు అనే మరో శిష్యుడు. కథకు పొట్టివాడే కావాలి కాబట్టి జనం సైగోను ఆ బరిలో నిలబెట్టుకున్నారు. తొలిశిష్యుడు తొమితా కుమారుడు తొమితా త్సునెయో ఈ కథలన్నిటినీ కలిపి 1942లో సుగాతా సన్‌షిరో అనే నవల రాశాడు. మరుసటి ఏడాది దాన్ని చిత్రంగా తీసిన యువకుడి పేరు అకిరా కురోసావా. అది ఆయన మొదటి చిత్రం. అలా కోడోకాన్ కుర్రాళ్ళ పోటీ ప్రపంచ సినిమా చరిత్రలోనూ ఒక మూలన చేరింది.

గెలుపు ఫలితం వెంటనే కనిపించింది. మొదటి మూడేళ్ళలో ఏటా పదిమంది చొప్పున కూడా చేరని శాలకు, 1889 నాటికి కొత్తగా వచ్చేవారు వందలలోకి పెరిగారు. పోలీసు శాఖ శిక్షకులుగా కోడోకాన్ వారిని తీసుకున్నది. పోటీని తప్పుపట్టేవారు ఈ సంగతిని మరవకూడదు. ఆ మధ్యాహ్నాలలో ఆ కుర్రాళ్ళు ఓడిపోయి ఉంటే, కానో ఆలోచనలన్నీ ఒక పండితుని చాదస్తంగా మిగిలిపోయేవి.

కాని వారు గెలవడానికి కారణమేమిటి? కానో పట్ల వెనుకనున్న సూత్రాన్ని శోధించి చెప్పాడు. ఎదుటివాడి నిలకడను మొదట చెదరగొట్టాలి, ఆ తరువాతనే విసరాలి. చెదిరినవాణ్ణి పడవేయడానికి బలం పెద్దగా అక్కరలేదు. ఈ సూత్రాన్ని కుర్రాళ్ళు రోజూ ఒకరిమీద ఒకరు పూర్తి వేగంతో సాధన చేయగలిగారు. ఎందుకంటే ప్రమాదకరమైనవి ముందే తీసివేశారు, పడటం ముందే నేర్చారు. వెయ్యిసార్లు పడి లేచినవాడు వెయ్యిన్నొకటోసారి జంకడు. పాత శాఖలవారు ప్రమాదానికి వెరచి నెమ్మదిగా చేసిన సాధన, దీని ముందు నిలవలేదు. అంటే కోడోకాన్‌ను గెలిపించినది కాఠిన్యం కాదు, భద్రత. ఈ విషయం గెలుపు సంబరంలో చాలామందికి కనపడలేదు. కానోకు కనపడింది.

కనపడింది గనుకనే ఆయన జీవితాంతం నియమాలను బిగిస్తూ పోయాడు. 1899లో ఆయన అధ్యక్షతన తయారైన పోటీ నియమావళి వేళ్ళు, మణికట్టు, చీలమండ కీళ్ళమీద పట్లను నిషేధించింది. 1916లో నడుమును కాళ్ళతో బిగించి నొక్కడం పోయింది. 1925 నాటికి మోచేయి తప్ప మరే కీలుమీదా పట్టు వేయరాదన్నారు. 1922లో ఆయన తన బోధనకు రెండు సూత్రాలు స్థిరపరచాడు. ఒకటి, ఉన్న శక్తిని సద్వినియోగం చేయడం. రెండవది, నీ మేలూ ఎదుటివాడి మేలూ కలిసి పెరగడం. 1909లోనే అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో ఆసియా నుంచి తొలి సభ్యుడైన ఈ మనిషి, జూడోను ఒలింపిక్స్‌లో చేర్పించడానికి మాత్రం ఉత్సాహం చూపలేదు. 1938లో సంఘ సమావేశం నుంచి తిరిగివస్తూ ఓడలోనే కన్నుమూశాడు. జూడో 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడ అయింది. అక్కడ అన్ని బరువులవారికీ ఉమ్మడిగా జరిగిన తుదిపోటీలో హాలెండు వీరుడు ఆంటన్ గేసింక్ జపాను వీరుణ్ణి ఓడించాడు. తన దేశస్థులు ఆనందం పట్టలేక బరిలోకి పరుగెత్తుకు రాబోతే చెయ్యెత్తి ఆపేశాడు. ఓడినవాడికి వంగి నమస్కరించేదాకా పోటీ ముగియదని ఆయన నేర్చిన పాఠం.

ఇంతలో జపాను బడులలో జూడో మరో దారి పట్టింది. 1931లో మాధ్యమిక పాఠశాలలలో తప్పనిసరి చేశారు. సైనిక ప్రభుత్వానికి ఆ విద్యలో క్రమశిక్షణ ఒక్కటే కనిపించింది. 1945లో ఓటమి తరువాత ఆక్రమణ అధికారులు బడులలో నిషేధించారు. 1950లో మళ్ళీ అనుమతించారు. అప్పటి నుంచి బడి జట్లు, జిల్లా పోటీలు, జాతీయ పోటీలు, పతకాలు, కళాశాలలో సీట్లు. బడిగంట తరువాత సాగే జూడో సాధన ఎంత కఠినమైతే అంత గొప్పదన్న పేరు.

దానికి పిల్లలు చెల్లించిన మూల్యం చాలాకాలం ఎవరి లెక్కలోనూ లేదు. నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన ఉచిదా ర్యో అనే విద్వాంసుడు బడి ప్రమాదాలకు పరిహారం చెల్లించే సంస్థ పత్రాలు తిరగేసి, 1983 నుంచి మూడు దశాబ్దాలలోపే నూటికి పైగా విద్యార్థులు బడి జూడోలో చనిపోయారని లెక్కతేల్చాడు. వారిలో ఎక్కువమంది తలకు దెబ్బ తగిలి మెదడు పైపొరలో రక్తం చేరి పోయినవారు. మరింత బాధ కలిగించే సంగతి, వారిలో ఎక్కువమంది మొదటి సంవత్సరం విద్యార్థులు. పడటం ఇంకా రాని పిల్లలను పెద్దవాళ్ళకు జతచేసి విసిరించారు. 2010లో బాధిత కుటుంబాలవారు ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2012 నుంచి మాధ్యమిక పాఠశాలలలో యుద్ధవిద్యలు తప్పనిసరి కావడంతో వారి గొంతు దేశమంతటా వినిపించింది. సమాఖ్య మార్గదర్శకాలు మార్చింది.

పడే విద్య గురించి గుర్తుపెట్టుకొమ్మన్నది ఇందుకే. కానో మొదటి పాఠంగా పెట్టినదాన్ని పోటీ తొందరలో ఆయన వారసులు చివరి పాఠం చేశారు.

జూడో స్వభావమే అంత అని ఎవరైనా అంటే, ఫ్రాన్సును చూపవచ్చు. అక్కడ సమాఖ్యలో నమోదైన సభ్యులు అయిదు లక్షలకు పైమాటే, జపాను సమాఖ్య సభ్యత్వానికి ఎన్నో రెట్లు. వారిలో పిల్లలే అధికం. ఉచిదా వెతికినపుడు అక్కడ అటువంటి మరణాలు కనపడలేదు. ఫ్రాన్సులో 1955 చట్టం ప్రకారం ప్రభుత్వ పట్టా లేనివారు జీతానికి జూడో నేర్పరాదు. 1930లలో పారిస్‌కు వచ్చిన కవాయిషి మికినొసుకె అనే జపాను గురువు పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం అంటూ రంగురంగుల నడికట్లు ప్రవేశపెట్టాడు. తెలుపుకూ నలుపుకూ మధ్యనున్న సుదీర్ఘమైన దారిలో పిల్లవాడికి మజిలీలు దొరికాయి. ఎవరినో ఓడిస్తేనే ముందుకు పోయినట్లు అనుకునే అవసరం తగ్గింది.

అయితే పోటీలన్నీ ఎత్తివేయడమే పరిష్కారమని నేను అనను. పోటీ లేనివారి గతి ఏమిటో కూడా జూడో చరిత్రలో ఉన్నది. కోడోకాన్‌లో స్త్రీల విభాగం 1926లోనే వచ్చినా, వారికి కతా చాలు, పోటీ తగదని అన్నారు. జపానులో స్త్రీలకు జాతీయ పోటీలు 1978 దాకా లేవు. అమెరికాలో రస్టీ కనొకొగి అనే యువతి 1959లో జుట్టు కత్తిరించుకుని, పురుషుల జట్టులో నిలబడి, న్యూయార్క్ రాష్ట్ర వై.ఎం.సి.ఎ. పోటీలో గెలిచింది. ఆడదానివా అని అడిగితే అవునన్నది. పతకం వెనక్కి తీసుకున్నారు. 1980లో మొదటి స్త్రీల ప్రపంచ పోటీలను న్యూయార్క్‌లో జరిపించినది ఆవిడే. తనను తాను పరీక్షించుకునే అవకాశం లేకపోవడం కూడా అవమానమే.

మనదేశంలో ఈ విద్య అడుగుపెట్టినది కూడా పిల్లల మధ్యకే. రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతనంలోని తన బడికి 1905లో సానో జిన్నొసుకె అనే జపాను యువకుణ్ణి రప్పించి జూడో నేర్పించాడు. మళ్ళీ 1929లో తకగాకి షిన్‌జో అనే కోడోకాన్ ఆచార్యుణ్ణి పిలిపించాడు. బాలురతో పాటు బాలికలు కూడా నేర్చారు. అమర్త్య సేన్ తల్లి అమితా సేన్ శాంతినికేతనంలో జూడో నేర్చినవారే. 1931లో కలకత్తాలోని న్యూ ఎంపైర్ రంగస్థలంమీద ఆ పిల్లలు ప్రదర్శన ఇచ్చారు. జంకు వదలమని చెబుతూ కవి దానికోసం ఒక పాట కూడా కట్టాడు. బెంగాలు అమ్మాయిలు నలుగురి ముందు నేలమీద పడి లేచి నిలబడటం ఆ రోజులలో ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు. ఠాగూర్‌కు కావలసినది పతకాలు కాదు. పడినా లేవగలమన్న ధైర్యం.

భారత జూడో సమాఖ్య 1964లో ఏర్పడింది. తొలి జాతీయ పోటీలు 1966లో జరిగినది మన హైదరాబాదులోనే. ఇరవై ఏళ్ళ తరువాత, 1986 సియోల్ ఆసియా క్రీడలలో, భారత జట్టు నాలుగు కాంస్య పతకాలు తెచ్చింది.

కొంతకాలం క్రితం ఒక జిల్లా కేంద్రంలో పిల్లల జూడో పోటీలు చూసే అవకాశం నాకు కలిగింది. ఒక చిన్న ఊరి నుంచి కొత్తగా పెట్టిన క్లబ్బు పిల్లలు ఏడెనిమిదిమంది వచ్చారు. వారి నడికట్లు రెండుచుట్లు చుట్టినా మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. అందులో పదేళ్ళ పిల్ల ఒకతె బరిలోకి దిగి, నమస్కరించి, అరనిమిషంలో వెల్లకిలా పడింది. చెయ్యి చాపమీద ఫెళ్ళున చరిచిన చప్పుడు వినపడింది. అంతటితో పోటీ అయిపోయింది. లేచింది, మళ్ళీ నమస్కరించింది, వచ్చేసింది. తండ్రి ముఖం ముడుచుకున్నది.

"ఏడాదిపాటు నేర్పించింది పడిపోవడమేనా సార్?" అన్నాడు.

శిక్షకుడు నవ్వలేదు, కోప్పడలేదు. "అవునండీ. తల నేలకు తగల్లేదు, చూశారా? వచ్చే ఏడు మిగతాది నేర్పుతాను" అన్నాడు. పిల్లవైపు తిరిగి, "ఎందుకు పడ్డావో తెలిసిందా అమ్మా?" అని అడిగాడు.

"కుడికాలు ముందుకు పెట్టేశాను సార్."

"సరే. వెళ్ళి మంచినీళ్ళు తాగు."

పక్క బరిలో మరొక శిక్షకుడు, గెలిచిన తన శిష్యుణ్ణే, ఇంకా త్వరగా గెలవలేదని అందరిముందూ తిడుతున్నాడు. ఇద్దరూ నేర్పేది ఒకే విద్య. ఇద్దరి పిల్లలూ పాల్గొన్నది ఒకే పోటీ. పోటీ మంచిదా చెడ్డదా అన్న వాదం నాకు ఆనాటి నుంచి అసంపూర్ణంగా తోస్తున్నది. పోటీ ముగిసిన తరువాత పిల్లవాణ్ణి ఏమని అడుగుతారు అన్నదే అసలు ప్రశ్న. ఎందుకు పడ్డావని అడిగితే అది ఎయిషోజి గుడిలోని పన్నెండు చాపల పరీక్ష అవుతుంది. ఎందుకు ఓడావని అడిగితే 2022లో జపాను ఎత్తివేసిన పోటీ అవుతుంది.

సైగో షిరో సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. కోడోకాన్‌కు అంత కీర్తి తెచ్చిన ఆ పొట్టివాడు 1890లో, ఇరవైనాలుగేళ్ళ వయసులో, శాలను వదలి వెళ్ళిపోయాడు. నాగసాకిలో పత్రికా రచయితగా స్థిరపడ్డాడు. 1922లో ఒనోమిచి పట్టణంలో చనిపోయాడు. కబురు తెలిసిన కానో అతనికి మరణానంతరం ఆరవ దాన్ ఇచ్చాడు. ముప్పై రెండేళ్ళ కిందట వెళ్ళిపోయిన శిష్యుణ్ణి గురువు మరచిపోలేదు. పదహారేళ్ళ వయసులో గుడి నేలను అదరగొట్టిన కుర్రవాడిగానే అతను ఆయనకు గుర్తుండి ఉంటాడని నేను అనుకుంటాను.

తోటి బ్లాగర్లకు ఒక మనవి. 1966 హైదరాబాదు పోటీలను చూసినవారుగాని, వాటిలో పాల్గొన్నవారుగాని మీ ఇళ్ళలో, మీ ఎరుకలో ఎవరైనా ఉంటే, వారి జ్ఞాపకాలను రాయించండి. గెలిచినవారి పేర్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఆ రోజు చాపలు ఎక్కడి నుంచి తెచ్చారు, పిల్లలు ఎవరైనా చూడటానికి వచ్చారా, వారికి పడటం ఎవరు నేర్పారు అన్నవి మాత్రం, చూసినవారు చెబితే తప్ప దొరకవు.